గ్రేస్ గారి సహవాసి

ధర్మసంస్థ అన్నది మూడు స్తంభాల మీద నిలబడుతుంది: ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు, ఫొటో. మొదటి రెండిట్లో ఏదో ఒకటి ఒరిగినా సంస్థ కొన్నాళ్లు కుంటుకుంటూ నడుస్తుంది. మూడోది లేకపోతే ఒక్క పూట కూడా గడవదు. ఈ సత్యం తెలియనివాళ్లు నంకోలోమా మిషన్ అనాథాశ్రమంలో గానీ, దాన్ని ఆనుకున్న బడిలో గానీ ఎవరూ లేరు. అక్కడి కోళ్లకి కూడా తెలుసు.

కోళ్ల సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి (కోళ్ల విషయంలో ఎవరూ తొందరపడకూడదని ఇప్పుడక్కడ నిబంధన ఉంది). ఇంటికొచ్చిన చుట్టాన్ని ఒట్టి చేతులతో సాగనంపడం ఆ వైపు మహా తప్పు. దూరం నుంచి వచ్చినవాళ్లకైతే బతికున్న కోడిని కాళ్లు కట్టి, మోకాలు వంచి, రెండు చేతులతో అందించాలి. చుట్టం ఇంటికెళ్లి వండుకుంటాడు, ఇచ్చినవాడి పరువు నిలబడుతుంది. కోడి అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఆశ్రమానికి డబ్బు పంపే విదేశీ విశ్వాసులు ఏటా చలికాలంలో వచ్చి, పిల్లలతో పాటలు పాడి, గోడకి రంగు వేసి, కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్తుంటారు. (ఆ గోడకి ఏటా రంగు పడుతూ ఉండటం వల్ల రెండో తరగతి గది ఇప్పటికి ఒక బెంచీ మేర చిన్నదైపోయింది.) వెళ్లేటప్పుడు వాళ్లకీ తలా ఒక కోడిని ఇస్తారు. విమానంలో కోడిని ఎక్కించరు కాబట్టి వాళ్లు దాన్ని మళ్లీ ఆశ్రమం పెద్దమ్మ ఎనిఫా చేతుల్లోనే పెట్టేవారు. చుట్టం మోయలేని కానుకని చుట్టం పేరున ఇంటివాళ్లే తినాలని పెద్దల మాట. వాళ్ల వ్యాను మలుపు తిరిగేలోపే ఎనిఫా పొయ్యి మీద నీళ్లు పెట్టేది. ఆ పూట పిల్లలందరికీ మొక్కజొన్న పిండి న్సిమా ముద్ద, దాని పక్కన కోడికూర. కందనకాయ మాత్రం పాస్టర్ లాస్టన్ కచాలేకి. కందనకాయ ఇంటి మగపెద్దకే చెందుతుంది. దీనికి బైబిల్లో ఆధారం లేదు గానీ పాస్టరుగారు కూడా ఎప్పుడూ వెతకలేదు.

పాస్టరుగారు ఎనిఫాకి స్వయానా మేనమామ కొడుకు. ఆ వరసవాళ్లు ఒకరినొకరు ఆటపట్టించుకోకపోతే ఏదో గొడవొచ్చిందని ఊరు అనుమానిస్తుంది. అందుకని ప్రార్థన అయిన మరుక్షణం నుంచి మళ్లీ ప్రార్థన దాకా ఇద్దరికీ అదే పని.

ఇలా హాయిగా సాగుతున్న ఏర్పాటు డోరతీ గారి రాకతో మారిపోయింది. ఆవిడ రిటైరైన టీచరు, వెన్నలాంటి మనసు. చేతికిచ్చిన గోధుమరంగు పెట్టని గుండెకి హత్తుకుని, దానికి గ్రేస్ అని పేరు పెట్టి, "దీన్ని నా కోసం చూసుకుంటారు కదూ" అని ఎనిఫాని అడిగింది. ఎనిఫా చూసుకుంటానంది. ఆ సాయంత్రం చాలా శ్రద్ధగానే చూసుకుంది, ఉల్లిపాయలూ టమాటాలూ వేసి.

నెల తిరక్కుండా మెయిల్ వచ్చింది. గ్రేస్ ఎలా ఉంది? మేత కోసం కొంచెం డబ్బు పంపాను. ఒక ఫొటో పంపగలరా?

పాస్టరుగారు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఎనిఫా, గ్రేస్ ఏది?"

"సగం నీ కడుపులోనే ఉంది కదా బావా. నన్నడుగుతావేం?"

"నేను తిన్నది కందనకాయే!"

"అయితే నీ వంతు మేరకే జవాబు రాయి."

పాస్టరుగారు అబద్ధమాడే మనిషి కాదు. మోకాళ్ల మీద ఉండి చాలాసేపు ఆలోచించి, "గ్రేస్ ఇప్పుడు మా పిల్లలందరిలోనూ కలిసిపోయింది" అని రాశాడు. దాంతోపాటు పెరట్లో తిరుగుతున్న మరో గోధుమరంగు పెట్ట ఫొటో జత చేశాడు. దాని కింద ఏ పేరూ రాయలేదు. రాయనిది అబద్ధం కాదని అప్పటికే ప్రార్థనలో తేలింది. ఆ రోజు నుంచి ఆ పెట్టే గ్రేస్ అయింది.

డోరతీ గారు ఆ ఫొటోని తన సంఘంలో చూపించారు. సంఘంలోని వాళ్లందరికీ ఒక్కో కోడి కావాలనిపించింది. ఏడాది తిరిగేసరికి ఆవలి తీరం సహాయ సమితి అనే సంస్థ కోడి దత్తత పథకాన్ని ప్రారంభించి, దానికి సమన్వయాధికారిగా హారిసన్ మ్తాంబోని రాజధాని లిలోంగ్వే నుంచి తెల్ల బండిలో పంపింది. హారిసన్ మెడలో కార్డు, చేతిలో ఫోన్, ఫోన్లో యాప్ ఉన్న మనిషి. ఎన్నడూ నవ్వడు. నవ్వుకి యాప్‌లో గడి లేదు.

పథకం సంగతులు ఆయనే మామిడిచెట్టు కింద నిలబడి చదివి వినిపించాడు. దత్తత వెళ్లిన కోడిని కోయరాదు, అమ్మరాదు, భయపెట్టరాదు. కోడి ఎదుట మరో కోడిని వండరాదు. ప్రతి కోడికీ పుట్టినరోజు ఉండాలి (తెలియకపోతే సమితి కేటాయిస్తుంది). వానకి తడవని రేకుల కొట్టం ఉండాలి. కొట్టం నెలలోపే లేచింది. ఆడపిల్లల పడకగది కప్పు ఎప్పటిలాగే కారుతోంది. దానికి అర్జీ పెట్టి మూడేళ్లయింది. వాన మరీ జోరైన రోజుల్లో ఎనిఫా చిన్నపిల్లల్ని తీసుకెళ్లి కొట్టంలో పడుకోబెట్టేది. కోళ్లు అభ్యంతరం చెప్పలేదు. వాటికి ఇంకా నిబంధనలు చదవడం రాదు.

ఉన్న కోళ్లన్నీ దత్తత వెళ్లిపోవడంతో ఇక పిల్లల భోజనంలోకి రోజూ చిక్కుడుగింజలు, గుమ్మడాకు కూర. పళ్లెం ముందు కూర్చుని పిల్లలు భక్తిగా కళ్లు మూసుకుని, గ్రేస్‌నీ విక్టోరియానీ బార్నబీనీ దీవించమని దేవుణ్ణి వేడుకునేవారు. దీవించబడిన వాళ్లు పక్కనే కాళ్లతో మట్టి కెలుకుతూ ఉండేవారు. కందనకాయ రుచి మరిచిపోయి పాస్టరుగారు చిక్కిపోయాడు.

ఈస్టర్ పండక్కి మాత్రం ఎనిఫా ఊరుకోలేదు. పండగ పూట పిల్లలకి కోడిముక్క లేకపోవడమేంటని సంతకెళ్లి కోడిని కొనుక్కొచ్చింది. కోళ్లతో కిటకిటలాడే ఇంటికి కోడిని కొని తెచ్చిన మొదటి మనిషిగా సంతలో ఆమెకి మంచి పేరొచ్చింది. తీరా గేటు దాటేసరికి తెల్ల బండి వచ్చి ఉంది. హారిసన్ ఆమె చంకలో ఉన్న కోడిని ఫొటో తీశాడు. ఎసరు మరగకముందే ఆ కోడిని అవతలి దేశంలో ఒక దంతవైద్యుడి కుటుంబం దత్తత తీసుకుంది. పండక్కి అందరూ చిక్కుడుగింజలే తిన్నారు.

"నీ చేతి చలవ ఎనిఫా," అన్నాడు పాస్టరుగారు పళ్లెంలోకి చూస్తూ. "నువ్వు ముట్టుకుంటే కోడి కూడా అమరత్వం పొందుతోంది."

"నవ్వు బావా, నవ్వు. రేపు నీకూ ఒక దత్తత తల్లిని చూస్తారు. అప్పుడు నిన్నూ కోయకూడదు, భయపెట్టకూడదు. నేనెలా బతకాలి?"

సరిగ్గా ఇలాంటి రోజుల్లో, కొత్త తరగతులు మొదలవడానికి కొంచెం ముందు, ఫలేసి అవ్వ కొండ దిగి వచ్చింది. వెంట మనవరాలు యాంకో. ఏడేళ్ల పిల్ల, ముందుపళ్లు రెండూ ఊడి ఉన్నాయి, ఆ సంగతి లోకానికి తెలియకుండా మూతి బిగించుకుని నిలబడింది.

"దీని తల్లి పోయింది తల్లీ," అంది అవ్వ కింద చతికిలబడుతూ. "తండ్రి ముందే పోయాడు. ఇంకో ముగ్గురు నా నెత్తినే ఉన్నారు. నాకేమో కళ్లు మసకేశాయి, నిన్న ఉప్పనుకుని బూడిదేసి వండాను. సర్కారు బడి ఉంది కానీ వాగు అవతల. వానలొస్తే ఆ బడి వాగుదే. దీనికి రెండు ముద్దలూ నాలుగక్షరాలూ నీ దగ్గరైతే దొరుకుతాయని తీసుకొచ్చా."

ఎనిఫా ఆ పిల్లని చూసింది. పిల్ల తనని చూడటం లేదు, పొయ్యి వైపు చూస్తోంది. ఈ పిల్లని వెనక్కి పంపితే తనకి ఆ రాత్రి నిద్ర పట్టదని ఎనిఫాకి అప్పుడే తెలిసిపోయింది.

కానీ ఆశ్రమంలో ఒక పిల్ల చేరాలంటే ఆ పిల్లకి అవతల ఒక దాత ఉండాలి. దాత దొరకాలంటే యాప్‌లో ఫొటో ఎక్కాలి. హారిసన్ అదృష్టవశాత్తూ అక్కడే ఉన్నాడు, విక్టోరియాకి టీకా వేయించడానికి వచ్చాడు. యాంకోని గోడకి ఆనించి ఫొటో తీసి, ఫోన్ వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆశ పదకొండు శాతం. కనీసం అరవై ఉండాలమ్మా."

"ఏం ఆశయ్యా?"

"ముఖంలో ఆశ. యాప్ కొలుస్తుంది. పిల్ల కష్టంలో ఉన్నట్టు కనిపించాలి, కానీ చూసేవాళ్లకి కష్టంగా ఉండకూడదు. కొంచెం నవ్వించండి."

ఎనిఫా వేడి మందాసి ఒకటి, తీపి పిండిబూరె, పిల్ల చేతిలో పెట్టింది. యాంకో నోరు పూర్తిగా తెరవకుండానే దాన్ని మొత్తం తినేసింది. ఎలా తిందో ఎవరికీ అర్థం కాలేదు. ఆశ పదమూడు. పాస్టరుగారు పిల్ల ముందు నడుం మీద చేతులేసుకుని కాసేపు గెంతాడు. యాంకో ఆయన్ని జాలిగా చూసింది. ఆశ తొమ్మిదికి పడిపోయింది.

"నువ్వు తప్పుకో బావా, ఉన్న ఆశ కూడా పోతోంది," అంది ఎనిఫా. తర్వాత హారిసన్ మీదకి తిరిగింది. "ఏమయ్యా, తల్లి పోయిన పిల్ల నవ్వుతూ నిలబడాలా? నవ్వకపోతే ఆకలేయదా దానికి?"

"నేను రూలు రాయలేదమ్మా. నేను నొక్కేవాణ్ణి," అన్నాడు హారిసన్. ఆయన గొంతులో కోపం లేదు. "పైగా ఈ ఏడాది పిల్లలకి గిరాకీ అంతంత మాత్రం. కోళ్లకైతే అవతల జనం క్యూలో ఉన్నారు."

ఫలేసి అవ్వకి మాటలు సగమే వినపడ్డాయి గానీ అర్థం పూర్తిగా తెలిసింది. మోకాళ్ల మీద చేతులాన్చి లేవబోయింది. "పోనీలే తల్లీ, మీరు మాత్రం ఏం చేస్తారు. పద బంగారం, ఎండెక్కకముందే కొండెక్కాలి."

పాస్టరుగారు నుదురు తుడుచుకుంటూ నిట్టూర్చాడు. "ఈ పిల్ల కోడై పుట్టినా బాగుండేది. ఈపాటికి కొట్టంలో చోటుండేది."

ఎవరూ నవ్వలేదు. హారిసన్ అసలే నవ్వడు. ఆయన మాత్రం ఫోన్ మీద వేలు ఆపి, "దానికి పద్ధతి ఉంది," అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"కోడి ఏకాంత నివారణ నిబంధన. గ్రేస్ వరసగా మూడు ఫొటోల్లో ఒంటరిగా నిలబడిందని డోరతీ గారు బెంగపెట్టుకున్నారు. సమితి దానికి ఒక సహవాసిని మంజూరు చేసింది. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది."

"సహవాసి అంటే ఇంకో కోడే కదా?" అంది ఎనిఫా.

హారిసన్ ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. "'సహవాసి రెండు కాళ్లు కలిగి, సౌమ్య స్వభావం గలదై ఉండవలెను.' అంతవరకే రాశారు."

అందరూ యాంకో కాళ్లు చూశారు. రెండే ఉన్నాయి.

ఆ తర్వాత వెలువడినవన్నీ ఎంతో ఆలోచించి రాసిన నిబంధనలని ఒప్పుకోక తప్పదు. సహవాసికి మూడు పూటలా భోజనం పెట్టాలి. ఆకలితో ఉన్న సహవాసి కోడిని తప్పు దృష్టితో చూసే ప్రమాదం ఉంది. సహవాసి కోడికి దగ్గర్లో, కారని కప్పు కింద పడుకోవాలి. సహవాసి శుభ్రమైన దుస్తుల్లో ఉండాలి. ఫొటోలో పడుతుంది కనుక. కోడి తరఫున దాతకి ఉత్తరాలు రాయాలి కాబట్టి సహవాసికి చదువు తప్పనిసరి. (ఇన్నేళ్లలో పిల్లల చదువు గురించి తప్పనిసరి అన్న మాట సమితి కాగితాల్లో కనిపించడం ఇదే మొదటిసారి.) సహవాసి ముఖంలో ఆశ ఎంతుండాలో ఎక్కడా రాయలేదు. ఆశ అంతా కోడిదే.

"ఎన్నాళ్లు ఇస్తారు ఇవన్నీ?" అని అడిగింది ఎనిఫా. నంకోలోమాలో ఉచితంగా వచ్చిన దేన్నయినా వెనక్కి తిప్పి చూసే అలవాటు ఆమెది.

"కోడి బతికున్నన్నాళ్లు."

"బడి ఎనిమిదేళ్లు కదయ్యా. కోడి ఎనిమిదేళ్లు బతుకుతుందా?"

హారిసన్ మొదటిసారి తడబడ్డాడు. "తెలీదమ్మా. మన దేశంలో కోడిని అంతకాలం ఎవరూ వదిలిపెట్టలేదు."

ఫలేసి అవ్వకి విషయం విడమర్చి చెప్పడానికి పాస్టరుగారికి కొంత సమయం పట్టింది. అవ్వ ఒక చెవి ఒగ్గి విన్నది.

"అంటే నా మనవరాలు కోడికి తోడన్నమాట."

"అవునవ్వా."

"తిండి పెడతారా?"

"మూడు పూటలా."

"బడికి పంపుతారా?"

"పంపకపోతే ఊరుకోరట."

"అయితే ఆ మహాతల్లి ఎక్కడుందో చూపించు."

గ్రేస్‌ని చూపించారు. అది అప్పుడే దుమ్ములో పొర్లి లేచి ఒళ్లు దులుపుకుంటోంది. ఫలేసి అవ్వ దాని ముందు మోకాలు వంచి, పెద్దవాళ్లకి చేసినట్టు రెండు అరచేతులూ మెల్లగా చప్పట్లు తట్టి, "మా పిల్ల జాగ్రత్త తల్లీ. నువ్వు చల్లగా ఉండు," అంది. తర్వాత మనవరాలి తల నిమిరి, వెనక్కి తిరిగి చూడకుండా కొండదారి పట్టింది. చూస్తే ఏడుస్తానని తనకి తెలుసు.

మర్నాడు కొత్త యూనిఫాం వచ్చింది. సమితి ఖర్చుల పద్దులో దాని పేరు కోడి పరిసరాల నిర్వహణ. యాంకో గ్రేస్‌ని ఒళ్లో పెట్టుకుని కొట్టం మెట్టు మీద కూర్చుంది. హారిసన్ ఫోన్ ఎత్తాడు. సరిగ్గా అప్పుడే గ్రేస్ మెడ చాచి, మెరుస్తున్న కొత్త గుండీని గింజ అనుకుని టక్కున పొడిచింది. యాంకో ఉలిక్కిపడి, గుండీ వంక చూసి, గ్రేస్ వంక చూసి, ఊడిన పళ్ల సందు మొత్తం కనపడేలా పకపకా నవ్వింది. నిన్న ఒక మందాసీ, ఒక పాస్టరూ కలిసి చేయలేని పని కోడిపెట్ట చేసింది. ఎనిఫా ఆనందం పట్టలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ కన్నా కోడే నయం బావా," అంది.

"కోడికి దత్తత తల్లుంది. నాకెవరున్నారు?" అన్నాడు పాస్టరుగారు, కానీ ఆయన కూడా నవ్వుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత రోజులు బాగానే గడిచాయి. యాంకో పొద్దున్నే గ్రేస్‌కి గింజలు వేసి బడికెళ్లేది. మధ్యాహ్నం ఆకాశంలో గద్ద కనిపిస్తే మేష్టారి అనుమతి లేకుండానే పరుగెత్తుకొచ్చేది (నిబంధన ప్రకారం మేష్టారు ఆపకూడదు). ఆశ్రమంలో పిల్లలందరూ గ్రేస్ దగ్గర చాలా మర్యాదగా మసలేవారు. రోజూ రాత్రి ప్రార్థనలో దానికి దీర్ఘాయుష్షు ప్రసాదించమని వేడుకునేవారు. కోడి ఆయుష్షు కోసం అంత మనస్ఫూర్తిగా ప్రార్థన జరగడం ఆ దేశ చరిత్రలో అదే మొదటిసారి. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది ఎనిఫాయే. ఆ మధ్య ఒకసారి గ్రేస్ తుమ్మితే ఆమెకి గుండె ఆగినంత పనైంది.

పక్క ఊళ్ల అవ్వలకి ఈ వార్త చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. వాళ్లు గేటు ముందు బారులు తీరారు. తెలివైనవాళ్లు, ప్రతి ఒక్కరూ ఒక చేత్తో మనవణ్ణో మనవరాలినో పట్టుకుని, రెండో చేత్తో కోడిని చంకన పెట్టుకొచ్చారు. హారిసన్ మొదట కోళ్ల పేర్లు రాసుకున్నాడు.

నెల చివర యాంకో మొదటి ఉత్తరం రాసింది. అక్షరాలు కొన్ని వంకరగా, కొన్ని తలకిందులుగా ఉన్నాయి. "నేను గ్రేస్‌ని. నేను బాగున్నాను. మొక్కజొన్న తింటాను. యాంకో కూడా తింటుంది. యాంకో కూడా బాగుంది." దాన్ని గుండీ పొడిచిన నాటి ఫొటోతో కలిపి పంపారు. డోరతీ గారి జవాబు కోసం ఎనిఫా రోజూ పాస్టరుగారి ఫోన్ అడిగి చూసుకునేది. ఆవిడ యాంకోని చూస్తుంది. ఆ నవ్వు చూస్తుంది. చూసిన మనిషి, వెన్నలాంటి మనిషి, ఈ పిల్లని పిల్లగానే చేర్చుకుందామని అనకుండా ఉంటుందా? అప్పుడు కోడి తుమ్మితే తుమ్మనీ, దగ్గితే దగ్గనీ, యాంకో చదువుకి ఢోకా ఉండదు. ఎనిఫా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పాస్టరుగారికి చెప్పకపోయినా తెలుసు.

జవాబు వచ్చింది. ఎంతో ఆప్యాయంగా రాశారు డోరతీ గారు. ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయట. గ్రేస్ ఎంత నిగనిగలాడుతోందో అని సంఘమంతా మురిసిపోయిందట. దేవుడు మిమ్మల్నందర్నీ చల్లగా చూడాలి. చివర్లో ఒక చిన్న మనవి: ఈసారి ఫొటో తీసేటప్పుడు ఆ పాపని కాస్త పక్కకి జరగమనగలరా? గ్రేస్ తోక కనపడటం లేదు.

పాస్టరుగారు చదవడం ఆపేశాడు. హారిసన్ బండి రాగానే ఎనిఫా చేతులు కడుక్కుని, యాంకో యూనిఫాం మడతలు సరిచేసి, గ్రేస్‌ని తెచ్చి కొట్టం ముందు పెట్టింది.

"కొంచెం పక్కకి జరుగు బంగారం."

యాంకో జరిగింది.

"ఇంకొంచెం."

ఇంకొంచెం జరిగింది. "ఇంకా జరగనా అమ్మా?" అని నవ్వుతూ అడిగింది. ఈ మధ్య నవ్వడం దానికి బాగానే అలవాటైంది.

ఫొటో చక్కగా వచ్చింది. గ్రేస్ తలతో, తోకతో నిండుగా నిలబడింది. ఒక చివర గింజలు చల్లుతున్న చిన్న చెయ్యి మాత్రం పడింది. హారిసన్ నొక్కాడు. యాప్ వెంటనే ఆమోదించింది. ఆశ: నూటికి నూరు.